మడమ ఎముక విరిగితే ప్లేటా, స్క్రూలా, కట్టుతో సరిపోతుందా?

అడిగిన ప్రశ్న: మా నాయనకు 57 ఏళ్ళు. షుగర్ ఉంది, బీడీలు తాగుతారు. చంద్రగిరి దగ్గర తోటలో తోతాపురి కాయలు కోస్తూ చెట్టు మీద నుంచి పడ్డారు. కుడి మడమ ఎముక విరిగింది. తిరుపతిలో ఒక డాక్టరు కోత కోసి ప్లేటు వేయాలన్నారు, ఇంకొకరు చిన్న రంధ్రాల్లోంచి స్క్రూలు చాలన్నారు. మా అవ్వేమో పుత్తూరుకు తీసుకుపొమ్మంటోంది. నిన్నటి నుంచి నడుము కూడా నొప్పంటున్నారు. ఏం చేయమంటారు?

ఏ ఆపరేషన్ అనేది తర్వాత చూద్దాం. ముందు ఆ నడుము నొప్పి సంగతి. మంచం మీద పడుకుని పట్టేసి ఉంటుందిలే అని వదిలేయకండి. ఎత్తు నుంచి కాళ్ళ మీద పడితే ఆ దెబ్బ మడమ దగ్గర ఆగదు, వెన్ను దాకా పోతుంది. ఇలా మడమ విరిగినవాళ్ళలో దాదాపు పది మందిలో ఒకరికి నడుము దగ్గర వెన్నుపూస కూడా నలిగి ఉంటుంది. మడమ అంతగా సలుపుతుంటే నడుము గురించి ఎవరికీ ధ్యాస ఉండదు. రేపు పొద్దున్నే వెన్నుకు ఎక్స్‌రే తీయమని మీరే అడగండి. కాళ్ళు తిమ్మిరెక్కడం, మూత్రం రాకపోవడం లాంటివి ఉంటే పొద్దుటి దాకా ఆగకుండా ఇప్పుడే డ్యూటీ డాక్టరుకు చెప్పండి. ఎడమ మడమను కూడా ఒకసారి నొక్కి చూడమనండి.

ఇంకోటి, కట్టు విప్పినప్పుడు మడమ వెనక వైపు చర్మం చూడండి. పిక్క నుంచి దిగే లావు పట్టీ (టెండన్ అంటారు) మడమకు అతుక్కునే చోట అన్నమాట. కొన్ని విరుగుళ్ళలో ఆ పట్టీ ఎముక వెనక ముక్కను పైకి లాగేస్తుంది. దాన్ని టంగ్ టైప్ అంటారు. ఆ ముక్క లోపలి నుంచి చర్మాన్ని పొడుస్తూ ఉంటే పైన చర్మం తెల్లగా పాలిపోతుంది, తర్వాత నల్లబడుతుంది. ఇది గంటల వ్యవహారం. అలా కనిపిస్తే వాపు తగ్గేదాకా ఆగుదాం అనే మాటే ఉండదు. ఎముక బయటికి వచ్చిన గాయమైనా, పాదమంతా బిగుసుకుపోయి వేళ్ళు కొంచెం కదిపినా ఓర్చుకోలేని నొప్పి వస్తున్నా అంతే.

ఇవేవీ లేకపోతే మీకు ఆలోచించుకునే టైముంది. మడమ ఆపరేషన్ పడిన రోజే చేయాల్సిన ఆపరేషన్ కాదు. చాలామందికి అర్థం కానిది ఇదే.

నేను డాక్టరును కాను. తిరుపతిలో ఎలక్ట్రికల్ పనులు కాంట్రాక్టుకు చేస్తాను. ఒక అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నిచ్చెన జారి నిటారుగా ఎడమ మడమ మీద దిగాను. పక్కనున్న కుర్రాళ్ళు బెణికిందనుకుని జెండూబామ్ వెతుకుతున్నారు. మరుసటి రోజుకు అరికాలి మధ్యలో నల్లగా కమిలింది. ఎక్స్‌రే చూడకముందే ఆ కమిలిన చోటు చూసి జూనియర్ డాక్టరు ఇది మడమ ఎముకే అన్నాడు. తర్వాత ఎక్స్‌రే, సీటీ అన్నీ అయ్యాయి. అడ్మిట్ చేసుకున్నారు, కాలికి స్లాబు (సగం సిమెంటు కట్టు) వేసి రెండు దిండ్ల మీద ఎత్తి పెట్టారు, ఐసు పెట్టమన్నారు. ఆపరేషన్ మాత్రం చేయరు. మా ఆవిడకు టెన్షన్. డబ్బుల కోసం బెడ్డు మీద ఉంచేశారని మా బావమరిది ఒకటే గొడవ.

రోజూ రౌండ్స్‌కు వచ్చే పెద్ద డాక్టరు మాత్రం ఫిల్ము చూసేవారు కాదు, పాదం చూసేవారు. బయటి వైపు చీలమండ కింద చర్మాన్ని వేళ్ళతో మెల్లగా దగ్గరికి నెట్టి, సన్నటి గీతలు పడుతున్నాయా లేదా అని చూడటం. వాపు మీద ఉన్నప్పుడు అక్కడ గీత అనేదే ఉండదు, నున్నగా మెరుస్తూ ఉంటుంది. గీతలు కనిపించిన రోజున నర్సుతో రేపు లిస్టులో పెట్టమన్నారు. బావమరిదికి కూడా అప్పుడే చెప్పారు: ఎముకను సరిచేసేది మేమే గానీ డేటు ఇచ్చేది చర్మం అని. ఆ మాట నేను ఇప్పటికీ అందరికీ చెబుతుంటాను, ఎందుకంటే మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది. మడమ మీద కండ లేదు. ఎముక, దాని మీద పలుచటి చర్మం, అంతే. వాపు మీద కోస్తే కుట్లు పడవు, పడినా విడిపోతాయి. మామూలుగా వారం నుంచి రెండు వారాలు ఆగుతారు. మూడు వారాలు దాటిస్తే ముక్కలు ఎక్కడివక్కడ అతుక్కోవడం మొదలై కదల్చడం కష్టం. చిన్న రంధ్రాలతో చేసే పద్ధతికైతే మరీ అంత ఆగరు, ముక్కలు ఇంకా కదులుతుండగానే చేయాలి.

ఇప్పుడు ఎముక సంగతి. మడమ ఎముక పైన పలుచటి పెంకు, లోపల స్పాంజి లాంటి ఎముక. బొరుగుల ఉండను అరచేత్తో నొక్కితే ఎత్తు తగ్గి పక్కలకు ఉబ్బుతుంది చూడండి, మడమకు జరిగేది అదే. ఎత్తు తగ్గుతుంది, వెడల్పు పెరుగుతుంది, పైన ఉండే కీలు గుంటపడుతుంది. చాలావరకు మడమ విరుగుళ్ళు ఆ కీలులోకి పోయేవే. పాదాన్ని పైకీ కిందికీ ఆడించే కీలు వేరు, అది చీలమండది. దాని కిందున్న ఈ కీలు పాదాన్ని పక్కలకు వంచుతుంది. రాళ్ళ దారిలో, దున్నిన చేలో, పొలం గట్ల మీద నడిచేటప్పుడు పనిచేసేది ఇదే.

అందుకే ఎక్స్‌రే ఒక్కటి చాలదు. ఎక్స్‌రేలో బోలర్ యాంగిల్ అని ఒకటి కొలుస్తారు. మామూలుగా 20 నుంచి 40 డిగ్రీలు ఉండాలి. మీ నాయనకు ఎంత ఉందో అడగండి. 10 లోపు, ఇంకా దిగి సున్నా కిందికి పోయిందంటే మడమ బాగా కుంగిందని అర్థం. తర్వాత సీటీ తీసి కీలు ఎన్ని ముక్కలైందో లెక్కపెడతారు. సాండర్స్ టైప్ అంటారు. టైప్ 1 అంటే విరిగింది గానీ జరగలేదు. 2 అంటే రెండు ముక్కలు, 3 అంటే మూడు, 4 అంటే నుగ్గునుగ్గు. మీరు రాసినదాంట్లో ఈ నంబరు లేదు. అది తెలియకుండా ప్లేటా స్క్రూనా అని తేల్చడం ఎవరివల్లా కాదు.

మీకు చెప్పిన రెండు పద్ధతులూ నిజమైనవే. మధ్యలో మూడోది ఒకటుంది, దాన్ని మీకు ఎవరూ చెప్పినట్టు లేదు.

పెద్ద కోత అంటే మడమ బయటి వైపు ఎల్ ఆకారంలో కోసి, చర్మాన్ని పొరలు పొరలుగా కాకుండా ఎముక దాకా ఒకే దళసరి పొరగా పైకి లేపి, కుంగిన కీలును కళ్ళారా చూసి ఎత్తి, ప్లేటు వేసి స్క్రూలు బిగించడం. ఎముక మొత్తం కనిపిస్తుంది కాబట్టి సర్జన్‌కు సుఖం. చాలా ఏళ్ళు అందరూ ఇదే చేశారు. ఇబ్బందంతా ఆ ఎల్ మలుపు దగ్గరే. అక్కడి చర్మానికి రక్తం అందడం కష్టం. నా పక్క మంచం మీద పీలేరు వైపు రైతు ఒకాయన ఉండేవారు. ఇంకో ఊళ్ళో ఈ ఆపరేషన్ చేయించుకుని, కుట్లు విడిపోయి ఇక్కడికి వచ్చారు. రోజూ డ్రెస్సింగ్ విప్పినప్పుడు చూసేవాణ్ణి. ఎల్ మలుపు తిరిగే చోట రూపాయి బిళ్ళంత మేర నల్లబడి, దాని అడుగున ప్లేటు అంచు తళతళలాడుతూ కనిపించేది. ఎముకంతా బాగా అతుకుతోందని ఫిల్ము చూపించి చెప్పేవారు డాక్టర్లు. ఆయనకు కావలసింది చర్మం. ఆయనకూ షుగరే, ఆయనా బీడీలే.

రెండోది, కోతే లేకుండా చేసేది. సి-ఆర్మ్ అనే ఎక్స్‌రే మిషన్‌లో చూస్తూ, మడమ వెనక నుంచి లావుపాటి పిన్ను గుచ్చి, దాన్నే పిడిలా పట్టుకుని ముక్కను కిందికి వంచి చోటుకు తెస్తారు. తర్వాత చిన్న రంధ్రాల్లోంచి పొడవు స్క్రూలు వేస్తారు. ఇందాక చెప్పిన టంగ్ టైప్‌కు ఇది బాగా సరిపోతుంది, కీలు మధ్యలో కుంగి మూడు ముక్కలైన దానికి అంత సరిపోదు. కీలును కళ్ళతో చూడటం ఉండదు కదా.

నాకు చేసింది మూడోది. చీలమండ బయటి గుబ్బ కింద నుంచి నాలుగో వేలి వైపు మూడు నాలుగు సెంటీమీటర్ల కోత. సైనస్ టార్సై అప్రోచ్ అన్నారు. అందులోంచి కీలును చూసి ఎత్తి, చిన్న ప్లేటు, స్క్రూలు వేశారు. నడుములో మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు కాబట్టి డ్రిల్లు శబ్దం వినిపిస్తూనే ఉంది. రోజూ గోడలకు రంధ్రాలు వేయించే నాకు అది కొంచెం నవ్వొచ్చిందంటే నమ్మండి. పెద్ద కోతతో పోలిస్తే ఈ పద్ధతిలో చర్మం పాడవడం తక్కువ. కానీ కనిపించే చోటు కూడా తక్కువ, చేతికి అలవాటుండాలి. అందుకే డాక్టరును మీరు ఇలాంటివి ఎన్ని చేశారని అడగడం తప్పేం కాదు, మర్యాదగా అడగండి.

టైప్ 4 అయితే కొందరు ఆ కీలును బతికించాలని చూడకుండా మొదటే రెండు ఎముకలనూ కలిపి అతికించేస్తారు. ఫ్యూజన్ అంటారు. పాదం పక్కలకు వంగడం పోతుంది, పైకీ కిందికీ ఆడటం ఉంటుంది. అదే పనిని ఇప్పుడు వదిలేసి, ఏడాదికో రెండేళ్ళకో నొప్పి తగ్గకపోతే అప్పుడు చేయడం కూడా ఉంది.

ఇక అసలు ఆపరేషనే వద్దనేది. దీన్ని మనవాళ్ళు చేతులెత్తేయడం అనుకుంటారు. కాదు. మా మేనకోడలు మెడికల్ కాలేజీలో చదువుతోంది, నాకోసం వెతికి చూపించింది. బ్రిటన్‌లో 22 ఆస్పత్రుల్లో 151 మందిని సగం సగం చేసి, కొందరికి ఆపరేషన్ చేసి, కొందరికి చేయకుండా రెండేళ్ళు చూశారు. 2014లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది. రెండేళ్ళకు నొప్పిలో, నడకలో తేడా లేదు. ఆపరేషన్ అయినవాళ్ళలో 23 శాతం మందికి చీము, కుట్లు విడిపోవడం లాంటి చిక్కులు వస్తే, చేయించుకోనివాళ్ళలో 4 శాతం. అయితే మడమ మరీ వికారంగా ఉబ్బిపోయినవాళ్ళను అందులో చేర్చుకోలేదు. అంతకుముందు 2002లో కెనడా వాళ్ళు 424 మందితో చేసిన దాంట్లోనూ మొత్తం మీద తేడా కనిపించలేదు గానీ, విడగొట్టి చూస్తే ఆడవాళ్ళకు, వయసులో ఉన్నవాళ్ళకు, తేలిక పని చేసుకునేవాళ్ళకు ఆపరేషన్ మేలు చేసింది. ఆపరేషన్ చేయించుకోనివాళ్ళలో తర్వాత కీలు అతికించాల్సి వచ్చినవాళ్ళు ఎక్కువ అన్నది కూడా వాళ్ళు చూశారు. అంటే రెండు వైపులా ఖర్చుంది.

మీ నాయన విషయంలో నాకు తోచింది చెబుతాను, డాక్టరు మాటే చివరి మాట. షుగరు, బీడీ రెండూ ఉన్న మనిషికి ఎల్ కోత అంటే నేనైతే ఎందుకని గట్టిగా అడుగుతాను. ముక్కలు పెద్దగా జరగకపోతే కాలు ఎత్తి పెట్టుకుని, బరువు వేయకుండా, త్వరగా కదలికలు మొదలుపెట్టి నయం చేసుకోవడమే మేలు. టంగ్ టైప్ అయితే రంధ్రాల స్క్రూలు. కీలు రెండు మూడు ముక్కలై బాగా కుంగి ఉంటే, పాదంలో రక్తప్రసరణ బాగుంటే, చిన్న కోత గురించి అడగండి. నుగ్గునుగ్గయితే ఇప్పుడు వదిలేసి తర్వాత ఫ్యూజన్ చేయడం గురించి మాట్లాడండి. ఏదైనా సరే, ముందు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష) చేయించండి. పాదంలో నాడి అందుతోందా, అరికాల్లో స్పర్శ తెలుస్తోందా అని చూడమనండి. బీడీ ఇవాళే మానాలి. ఆపరేషన్ అయ్యాక మానేస్తాలే అనే మాట ఒప్పుకోవద్దు. పొగాకు సన్న రక్తనాళాలను మూసేస్తుంది, ఆ మలుపు దగ్గర ఉండేవి అవే.

అవ్వ మాటకు వద్దాం. పుత్తూరు పక్కన రాచపాళెంలో తరాలుగా కట్టు కడుతున్నారు. పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ. మా ఇంట్లోనూ పెద్దవాళ్ళు మణికట్టు విరిగితే అక్కడికే పోయేవాళ్ళు. నేను దాన్ని చులకన చేయను. కానీ అవ్వకు ఒక్కటి చెప్పండి: మడమ ఎముకకు రక్తం బాగా అందుతుంది, ఏ కట్టు కట్టినా, కట్టకపోయినా దాదాపు ఎప్పుడూ అతుక్కుంటుంది. అతకడం సమస్య కాదు, కుంగిన ఆకారంలోనే అతుక్కోవడం సమస్య. లోపలికి దిగిన కీలును బయటి కట్టు పైకి ఎత్తలేదు. పైగా షుగర్ ఉన్నవాళ్ళకు వాపు మీద బిగువు కట్టు కడితే లోపల పుండు పడినా తెలియదు, స్పర్శ తక్కువ కదా. కాబట్టి ఇప్పుడు వద్దు. తైలంతో రుద్దించడం అసలే వద్దు.

ఆపరేషన్ అయినా కాకపోయినా తర్వాతి కథ ఒకటే, అదే పెద్ద కథ. 8 నుంచి 12 వారాలు ఆ కాలు నేల మీద మోపకూడదు. వాకరో, చంక కర్రలో తప్పవు. ఇంట్లో కమోడ్ లేకపోతే ప్లాస్టిక్ కమోడ్ కుర్చీ ఇప్పుడే కొనిపెట్టండి, బాత్‌రూమ్‌లో నీలకమల్ కుర్చీ ఒకటి వేయండి. రక్తం గడ్డ కట్టకుండా మందు అవసరమా అని డాక్టరును అడగండి. పిక్క వాచి నొప్పి చేసినా, ఆయాసం వచ్చినా వెంటనే పోవాలి.

కుట్లు మానాక ఫిజియో అమ్మాయి నాతో కాలి బొటనవేలితో గాల్లో అక్షరాలు రాయించేది. అ, ఆ బాగానే వచ్చేవి. ఋ దగ్గరికి వచ్చేసరికి చెమటలు పట్టేవి. మా చిన్నది పక్కన కూర్చుని నాన్నా దీర్ఘం ఇవ్వలేదు అని దిద్దేది. తమాషాగా ఉంటుంది గానీ పాదం పక్కలకు వంగడం తిరిగి వచ్చింది దానివల్లే. మొదటిసారి కాలు మోపిన రోజున అరికాల్లో మేకులు దిగినట్టుంటుంది, భయపడొద్దని మీ నాయనకు ముందే చెప్పండి. మెరుగుదల ఏడాది, రెండేళ్ళ దాకా మెల్లగా వస్తూనే ఉంటుంది.

ఇప్పుడు నేను నిచ్చెన ఎక్కుతున్నాను, బండి నడుపుతున్నాను. చిటికెన వేలి వైపు కొంచెం మొద్దుబారి ఉంది, కోత దగ్గర నరం కదా. చలికాలం పొద్దున లేవగానే నాలుగడుగులు కుంటుతాను. మెత్తటి ఎంసీఆర్ చెప్పులు లేకుండా ఇంట్లో కూడా తిరగను. అలిపిరి మెట్లు 3,550 ఎక్కి స్వామిని చూసుకున్నాను, దిగడానికి మాత్రం బస్సే. ఎక్కడం కంటే దిగడమే మడమకు కష్టం. పైన మాడ వీధుల్లో చెప్పుల్లేకుండా ఎండలో రాళ్ళ మీద నడవడం ఇంకా కష్టం.

ఇక ఎక్కడ చూపించాలనేది. తిరుపతిలో రుయా ఉంది, స్విమ్స్ ఉంది, ఎముకలకే ప్రత్యేకంగా టీటీడీ వాళ్ళ బర్డ్ ఆస్పత్రి ఉంది. చిత్తూరు వైపు వాళ్ళు వేలూరు సీఎంసీకి కూడా పోతారు. మనం ఇంకా ఆరోగ్యశ్రీ అనే పిలుస్తున్న పథకం మీ నాయనకు వర్తిస్తుందేమో నెట్‌వర్క్ ఆస్పత్రిలో మిత్ర కౌంటర్ దగ్గర కార్డు పెట్టి అడగండి, చేరకముందే అడగండి. సీటీ తీసిన చోట ఫిల్ములతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోండి. ఇంకో డాక్టరుకు చూపించాలంటే వాళ్ళు కీలును అన్ని వైపుల నుంచీ తిప్పి చూసేది ఆ సీడీలోనే, వాట్సాప్‌లో పంపిన ఫిల్ము ఫోటోలో ఏమీ తెలియదు. సాండర్స్ టైప్ ఎంతన్నారో, చర్మం ఎలా ఉందో తెలిశాక కింద రాయండి, నాకు తెలిసినంత చెబుతాను.